ఒకరి పథ్యం, ఇంటిల్లిపాది వంటిల్లు

తెలుగువారి వ్యవహారంలో 'అన్నం' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. వండిన బియ్యం ఒకటి; తినదగిన ఆహారం యావత్తూ రెండవది. 'అన్నం తిన్నావా?' అని అడిగేవారు ఎదుటివారు వరి అన్నమే తిన్నారా అని విచారించరు. కడుపు నిండిందా, క్షేమంగా ఉన్నారా అని విచారిస్తారు. ధాన్యానికీ, భోజనానికీ, క్షేమానికీ ఒకే మాట చెల్లే భాషలో, ఒక ఇంటివారు బియ్యపు డబ్బాను వంటింట్లోంచి తీసి దూరంగా పెట్టవలసి రావడం చిన్న విషయం కాదు. వైద్యుని ఆదేశం వల్ల జరిగినా, ఒళ్లు తగ్గాలన్న కోరిక వల్ల జరిగినా, ఆ పని వెనుక ఒక నైతిక ప్రశ్న ఉంటుంది. ఒకే కప్పు కింద, ఒకే పొయ్యి మీద వండుకుని తినే నలుగురిలో ఒకరి ఆహారం వేరైనప్పుడు, ఆ వేరుపాటు భారాన్ని ఎవరు మోయాలి?

ఆహార నియమాన్ని సాధారణంగా వ్యక్తిగతమైన విషయంగా పరిగణిస్తారు. ఎవరి నాలుక వారిది, ఎవరి కడుపు వారిది అన్న వాదన పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కాని నాలుకా కడుపూ ఒకరివే అయినా వంటిల్లు ఒకరిది కాదు. అందులోకి వచ్చే వెచ్చాలు, వాటికయ్యే ఖర్చు, వాటిని బాగుచేసి వండే చేతులు, వడ్డించే సమయం అన్నీ ఉమ్మడివి. కనుక ఒకరి పథ్యం ఇంట్లో ప్రవేశించిన రోజే అది ఇంటిల్లిపాదికీ ధర్మవిషయం అవుతుంది.

పథ్యం పుట్టుక

ఈ ప్రశ్నను స్పష్టంగా నిలబెట్టే ఉదాహరణ కీటోజెనిక్ ఆహారం. పిండిపదార్థాలను దాదాపు పూర్తిగా తగ్గించి, మాంసకృత్తులను అవసరమైనంత మేరకే ఇచ్చి, తక్కిన శక్తినంతా కొవ్వునుంచి సమకూర్చే పద్ధతి ఇది. ధాన్యమూ చక్కెరా అందనప్పుడు శరీరం ఉపవాసంలో ఉన్నట్లే ప్రవర్తిస్తుంది. కాలేయం కొవ్వునుంచి కీటోన్లు అనే పదార్థాలను తయారుచేస్తుంది; మెదడు తనకు అలవాటైన గ్లూకోజుకు బదులుగా చాలావరకు వాటినే ఇంధనంగా వాడుకుంటుంది. ఒక విధంగా, తింటూనే ఉపవాస ఫలాన్ని పొందే ఉపాయం ఇది.

ఈ ఉపాయం బరువు తగ్గాలనుకునేవారి కోసం పుట్టలేదు. ఉపవాసం వల్ల మూర్ఛలు తగ్గుతాయన్న సంగతి ప్రాచీన గ్రీకు వైద్యులకు కూడా తెలుసు. అయితే పసిపిల్లలను ఎక్కువకాలం పస్తు ఉంచడం సాధ్యమయ్యే పని కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో పనిచేసిన రస్సెల్ వైల్డర్ అనే వైద్యుడు, ఉపవాసంలో శరీరంలో కలిగే మార్పునే కొవ్వు అధికంగా ఉన్న ఆహారంతో తీసుకురావచ్చునని ప్రతిపాదించి, దానికి కీటోజెనిక్ అన్న పేరు పెట్టాడు. ఆ తరువాతి సంవత్సరాలలో మూర్ఛవ్యాధి ఉన్న పిల్లలకు ఈ చికిత్స విస్తృతంగా ఇచ్చారు. 1938లో ఫెనిటోయిన్ మందు వాడుకలోకి రావడంతో, తూచి వండే శ్రమకంటే మాత్ర మింగడం సులభం కనుక, ఈ ఆహారం క్రమంగా మరుగున పడింది.

దానిని మళ్లీ వెలుగులోకి తెచ్చినది ఒక తండ్రి ఆవేదన. హాలీవుడ్ దర్శకుడు జిమ్ అబ్రహామ్స్ కుమారుడు చార్లీకి 1993లో మూర్ఛలు మొదలై, ఎన్ని మందులకూ లొంగలేదు. తండ్రి స్వయంగా పుస్తకాలు వెదికి ఈ ఆహారం సంగతి తెలుసుకుని, జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో చికిత్స మొదలుపెట్టించగా మూర్ఛలు ఆగిపోయాయి. ఆయన 1994లో చార్లీ ఫౌండేషన్ స్థాపించాడు. 1997లో ఇదే వస్తువుతో ఒక చిత్రం తీశాడు. 2008లో లండన్ వైద్యులు 145 మంది పిల్లలపై జరిపిన అధ్యయనం ప్రచురితమైంది. మూడు నెలల తరువాత చూస్తే, ఈ ఆహారం తీసుకున్న పిల్లలలో 38 శాతం మందికి మూర్ఛలు సగానికి పైగా తగ్గాయి. ఇంకా ఆహారం మొదలుపెట్టని పిల్లలలో ఆ మేలు కనిపించినవారు 6 శాతం మాత్రమే. మందులకు లొంగని మూర్ఛలున్న పిల్లల విషయంలో ఇది సామాన్యమైన ఫలితం కాదు. భారతదేశంలో కూడా ఢిల్లీ ఎయిమ్స్ వంటి సంస్థలలో ఈ ఆహారాన్నీ, దీనికంటే కొంత సడలింపు ఉన్న రూపాలనూ మూర్ఛవ్యాధి పిల్లలకు చికిత్సగా ఇస్తున్నారు.

వెచ్చాల పట్టీ

ఈ పథ్యానికి ఒక తెలుగు వంటింటిని సిద్ధం చేయడమంటే ఏమిటో కొంత వివరంగా చూడవలసి ఉంది. ప్రశ్న యొక్క బరువు అంతా ఆ వివరాలలోనే ఉన్నది.

మొదట పక్కన పెట్టవలసినవి బియ్యం, గోధుమపిండి, బొంబాయిరవ్వ, అటుకులు, మరమరాలు, సగ్గుబియ్యం. వాటి వెనుకనే పంచదార, బెల్లం, తేనె. బంగాళాదుంప, చేమదుంప, కంద, చిలగడదుంప అదే దారిన పోతాయి. అరటి, మామిడి, సపోటా, సీతాఫలం పండ్ల బుట్టలోంచి తొలగిపోతాయి. ఇంతవరకు ఊహించదగినదే. ఆరోగ్యానికి మంచివని పేరుపొందిన రాగులూ కొర్రలూ కూడా ఇందులో నిలవకపోవడం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. వాటి బరువులో సుమారు మూడింట రెండు వంతులు పిండిపదార్థమే. కందిపప్పులో సైతం సగానికి పైగా అదే. అన్నం, పప్పు రెండూ లేని తెలుగు భోజనాన్ని ఊహించడం కష్టమని వేరే చెప్పనక్కరలేదు.

కనిపించకుండా దాగి ఉండేవి మరికొన్ని. చింతపండులో చక్కెరల పాలు ఎక్కువ. కనుక పులుసు, చారు నిమ్మకాయ మీద ఆధారపడవలసి వస్తుంది. బజారులో దొరికే ఇంగువలో గోధుమపిండో మరొక పిండో కలిపి ఉంటుంది. ఊరగాయలలో బెల్లం వేసే అలవాటు కొన్ని ఇళ్లలో ఉన్నది. అన్నిటికంటే విచిత్రమైనది మందుల అలమర. పిల్లలకిచ్చే దగ్గుమందు, జ్వరం సిరప్ చక్కెరపాకంతో తయారవుతాయి; ఒక్క చెంచా సిరప్‌తో ఆనాటి లెక్క తప్పవచ్చు.

ఇక తెచ్చి పెట్టుకోవలసినవి నెయ్యి, వెన్న, మీగడ, కొబ్బరినూనె, నువ్వులనూనె, పచ్చికొబ్బరి, పనీరు, బాదం, అక్రోట్లు, గుమ్మడిగింజలు, అవిసెగింజలు. మాంసాహారుల ఇంట గుడ్లు, చేపలు, మాంసం. కూరలలో తోటకూర, పాలకూర, మెంతికూర, గోంగూర, బీరకాయ, సొరకాయ, దొండకాయ, వంకాయ, కాకరకాయ. ఈ రెండవ పట్టీలో తెలుగువారికి అపరిచితమైన వస్తువులు తక్కువ. కొత్తదనమంతా పాళ్లలో ఉన్నది. అన్నంలో చెంచాడు నెయ్యి వేసుకునే ఇంట, నెయ్యే భోజనమై కూర దానికి నంజుడు కావాలి.

మూర్ఛవ్యాధి పిల్లల విషయంలో కచ్చితమైన పాళ్లు నాలుగుకు ఒకటి. అంటే నాలుగు గ్రాముల కొవ్వుకు, మాంసకృత్తులూ పిండిపదార్థాలూ రెండూ కలిపి ఒక గ్రాము మాత్రమే. రోజుకు 1000 కేలరీలు అవసరమైన చిన్నపిల్లవానికి 100 గ్రాముల కొవ్వు ఇచ్చి, తక్కిన రెండిటికీ కలిపి 25 గ్రాములతో సరిపెట్టాలి. ఎదుగుదలకు కావలసిన మాంసకృత్తులకు 15 గ్రాములు కేటాయిస్తే, పిండిపదార్థాలకు మిగిలేది 10 గ్రాములు. ముడిబియ్యంలో లెక్కిస్తే అది 13 గ్రాములు, అనగా ఉడికిన తరువాత ఒక్క చిన్న ముద్ద. ఆకుకూరలకూ గింజలకూ కూడా ఆ పదిలోనే భాగం ఉన్నది కనుక, ఆ ఒక్క ముద్ద కూడా ఆ పిల్లవాని వంతుకు రాదు. అందుకే ఆ ఇంటి వంటింట్లో అన్నిటికంటే ముఖ్యమైన సాధనం గ్రాముల త్రాసు. ప్రతి పూటా, ప్రతి వస్తువూ తూకం వేయాలి. వడ్డించినది గిన్నెకు అంటుకున్న నెయ్యితో సహా పిల్లవాడు పూర్తిగా తినాలి. సాధారణంగా రెండేళ్లపాటు ఇలా సాగించి, ఆ తరువాత వైద్యులు క్రమంగా మాన్పిస్తారు.

శ్రమ ఎవరిది?

పై పట్టీని చదివినవారికి ఒక సంగతి స్ఫురించకపోదు. నియమం పాటించేది ఒకరు; ఆ నియమాన్ని నిలబెట్టేది మరొకరు. తూచేది, కలిపేది, బతిమాలి తినిపించేది, పట్టీ రాసుకునేది చాలా ఇళ్లలో తల్లి ఒక్కతే. తక్కినవారికి మామూలు వంట కూడా ఆమే చేయాలి. పిల్లవాని పథ్యం ఫలిస్తే వైద్యానికి కీర్తి వస్తుంది; తప్పితే తప్పు ఆమె చేతిది అవుతుంది.

పిల్లవాని విషయంలో ఈ శ్రమకు ఒక అర్థముంది. రోజుకు అనేకసార్లు పడిపోయే బిడ్డ పడకుండా ఉండడానికి త్రాసు ముందు కూర్చోవడానికి ఏ తల్లీ వెనుదీయదు. కాని అదే నియమాన్ని, బరువు తగ్గవలెనన్న సంకల్పంతో, ఇంటి యజమాని తలపెట్టినప్పుడు పరిస్థితి వేరు. సంకల్పం ఆయనది, దినచర్య ఇల్లాలిది. ఆయన అన్నం మానినందుకు మిత్రులు ఆయన మనోనిగ్రహాన్ని మెచ్చుకుంటారు. పొద్దున్నే లేచి ఆయనకు పనీరు వేయించి, పిల్లలకు ఇడ్లీలు వేసి, అత్తగారికి జావ కాచిన మనిషి నిగ్రహం ఎవరి లెక్కలోకీ రాదు. ఒకరి సంయమం మరొకరి శ్రమ మీద నడిచినప్పుడు దానిని తపస్సు అనడానికి వీల్లేదు. అటువంటి సంయమంలో త్యాగమున్నది నిజమే. ఆ త్యాగం చేసినవారి పేరు మాత్రం మారిపోయింది.

ఈ విషయంలో గాంధీ ఇంట జరిగిన ఒక ఉదంతం ఆలోచించదగినది. దక్షిణాఫ్రికాలో కస్తూర్బా అనారోగ్యంతో ఉన్నప్పుడు, ఉప్పూ పప్పుదినుసులూ మానివేయమని ఆయన ఆమెను కోరారు. ఎంత నచ్చజెప్పినా ఆమె అంగీకరించక, ఎవరైనా చెబితే మీరు మాత్రం మానగలరా అన్న అర్థం వచ్చేట్లు ఎదురు ప్రశ్న వేశారు. ఆయన తక్షణం, ఆమె మానినా మానకపోయినా, తాను ఒక సంవత్సరంపాటు ఆ రెండూ మానుతున్నట్లు ప్రకటించారు. ఆమె తల్లడిల్లి, తాను మానుతానని, ఆయన మాట వెనక్కు తీసుకోవలసిందని వేడుకున్నా ఆయన ఒప్పుకోలేదు. తరువాత ఆమె కోలుకున్నారు. ఆత్మకథలో గాంధీ దీనిని ఇంటిలోని సత్యాగ్రహంగా వర్ణించారు.

ఈ ఉదంతంలో రెండు పార్శ్వాలున్నాయి. ఇతరులకు చెప్పే నియమాన్ని తానే ముందు స్వీకరించాలన్నది మొదటిది. భారాన్ని పంచుకోకుండా ఉపదేశించే హక్కు ఎవరికీ లేదన్న సత్యాన్ని ఆయన ఆచరణలో చూపారు. రెండవ పార్శ్వం అంత సులభంగా మింగుడుపడదు. ఆయన త్యాగం ముందు ఆమెకు వేరే మార్గం మిగలలేదు. ఆమె అంగీకారం స్వేచ్ఛగా ఇచ్చినదని చెప్పడం కష్టం. భారం పంచుకోవడం ప్రేమకు గుర్తు అయినట్లే, ఎదుటివారిని అడగకుండా పంచుకోవడం ఒత్తిడి కూడా కాగలదు. ఒక్కరి పథ్యం కోసం ఇల్లంతా అన్నం మానివేయాలన్న ఆవేశంలో ఈ రెండవ ప్రమాదం దాగి ఉన్నది. పిల్లవాని కోసం అక్క మిఠాయి మానుకోవడం మంచిదే. ఆ మానుకోవడాన్ని ఆమె తనంత తాను ఎంచుకున్నదా అన్నది కూడా పెద్దలు చూడవలసిన విషయమే.

వేరు కుంపట్లు

తెలుగులో 'వేరు కుంపటి' అంటే కాపురం చీలిపోవడం. వంట వేరైతే మనసులు వేరైనట్లేనన్న భావన ఈ నుడికారంలో స్థిరపడింది. దానికి కారణాలు చరిత్రలో ఉన్నాయి. మడి పేరిట ఒకే ఇంట్లో ఒకరి వంటను మరొకరు ముట్టకూడని ఏర్పాట్లుండేవి. భర్త పోయిన స్త్రీకి ఒంటిపూట భోజనం, వేరే వంట విధించిన ఇళ్లుండేవి. కులం పేరిట పంక్తులు వేరుచేయడం ఊరూరా సాగింది. ఇటువంటి గతం ఉన్న సమాజంలో, వంటింట్లో మరొక అర కేటాయించి 'దీనిని ఎవరూ ముట్టకూడదు' అన్నప్పుడు పాత గాయం గుర్తుకు రావడం సహజం.

అందుకే ఈ నేలమీద గొప్ప ఆదర్శాలన్నీ సహపంక్తి చుట్టూ అల్లుకున్నాయి. సిక్కుల లంగరులో రాజూ పేదా ఒకే వరుసలో కూర్చుంటారు. పూరీ జగన్నాథుని మహాప్రసాదానికి కులభేదం లేదు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ, 1909లో కన్నుమూసేవరకు, వేళకాని వేళ వచ్చినవారికి సైతం అన్నం పెట్టి చరితార్థురాలైంది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాఠశాలల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టడం ఆ ఆదర్శానికి చేసిన వందనం.

అయితే అదే పాఠశాల పంక్తిలో ఈ పథ్యం మీద ఉన్న పిల్లవాడు కూర్చున్నాడనుకుంటే, సమానత్వానికి అర్థం ఏమిటి? అందరికీ పెట్టినదే అతనికీ పెట్టడం సమానత్వమైతే అది అతనికి కీడు చేస్తుంది. అతనిని పంక్తిలోంచి లేపి వేరే గదిలో కూర్చోబెట్టడం జాగ్రత్త అయితే అది అతనిని అవమానిస్తుంది. సరైన మార్గం ఈ రెంటి నడుమ ఉన్నది. పంక్తి ఒకటే కావాలి, విస్తరి మాత్రం వేరు కావాలి. మడి వేరుపాటు ఒకరిని ఎక్కువ చేసి మరొకరిని తక్కువ చేసింది. పథ్యపు వేరుపాటు బలహీనుని కాపాడడానికి ఏర్పడింది. రెంటికీ బయటి రూపం ఒక్కటే అయినా, దేనికోసం గీత గీస్తున్నారన్న దానిమీద వాటి నైతిక స్వభావం ఆధారపడి ఉంటుంది. ఆ గీత అటువైపు ఉన్నవాడు తనను వెలివేశారని అనుకుంటున్నాడా, తనకోసం నిలిచారని అనుకుంటున్నాడా అన్నదే పరీక్ష.

ఈ పరీక్ష అన్నిటికంటే తీవ్రంగా ఎదురయ్యేది అమ్మమ్మకో నాయనమ్మకో. మనవడు పక్కింటి పిల్లల చేతిలో బిస్కెట్టు చూసి ఆశగా నిలబడితే, కొంగు చాటున ఒక ముక్క అందించకుండా ఉండడం ఆమెకు కఠినమైన శిక్ష. పెట్టడమే ప్రేమ అని జీవితమంతా నమ్మిన చేతికి, పెట్టకపోవడం కూడా ప్రేమే అని ఎవరు నేర్పాలి? ఆ ఒక్క ముక్కతో శరీరంలోని కీటోన్ల స్థితి చెదిరి, ఆగిన మూర్ఛ తిరిగి రావచ్చునని వైద్యులు చెబుతారు. ఇక్కడ ఆమెను దోషిగా నిలబెట్టడం తేలిక. అది న్యాయం కాదు. ఆమె చేతికి వేరే పని ఇవ్వడం న్యాయం. కొబ్బరీ మీగడా పాళ్లు కట్టి, తీపి పదార్థాలు లేకుండా చేసిన ఉండను ఆమె చేతులమీదుగానే పిల్లవానికి పెట్టిస్తే, ఆమె ప్రేమకూ దారి దొరుకుతుంది, నియమమూ నిలుస్తుంది. ఉగాదినాడు బెల్లం, మామిడి, చింతపండు కలిసిన పచ్చడి ఆ పిల్లవానికి పనికిరాదు. వేపపువ్వు మాత్రం పనికివస్తుంది. ఆరు రుచులలో ఒక్క చేదే అతనికి దక్కిందని బాధపడే ఇల్లూ ఉండవచ్చు. ఆ చేదును ఇంటివారందరూ అతనితోపాటు ముందుగా రుచిచూసే ఇల్లూ ఉండవచ్చు. వెచ్చాలు రెండిళ్లలో ఒకటే.

బియ్యం విలువ

పథ్యానికి మరొక పార్శ్వం ఆర్థికమైనది. తెలుగునాట బియ్యం కేవలం పంట కాదు. అది పేదవాని పరువు. జొన్న, సజ్జ తిని పెరిగిన కుటుంబాలలో వరి అన్నం ఒకనాడు పండుగపూట భోజనం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇవ్వడం ప్రారంభించినప్పుడు, లక్షలాది ఇళ్లలో పండుగ అన్నం నిత్యాన్నమైంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం నెలకు మనిషికి ఐదు కిలోల ధాన్యాన్ని హక్కుగా మార్చింది; 2023 నుంచి దానిని ఉచితంగా ఇస్తున్నారు. ఇంతటి ప్రయత్నంతో పేదవాని కంచంలోకి వచ్చిన అన్నాన్ని సంపన్నుడు విషమని తోసివేయడం వినేవారికి కటువుగానే ఉంటుంది.

కాని ఈ కటుత్వంలో కొంత అన్యాయం కూడా ఉన్నది. 2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం దేశంలో పదికోట్లకు పైగా మధుమేహ రోగులున్నట్లు అంచనా వేసింది. 2024లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వెలువరించిన ఆహార మార్గదర్శకాలు, రోజువారీ శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదని సూచించాయి. మూడుపూటలా అన్నమే ప్రధానమైన కంచం ఈ పరిమితిని సులువుగా దాటిపోతుంది. బియ్యం ఆకలిని జయించింది. అది ఒక్కటే కంచాన్ని నింపితే ఆరోగ్యం నిలవదు. ఈ రెండు మాటలూ ఏకకాలంలో నిజం. అన్నాన్ని పూజించడానికీ ద్వేషించడానికీ నడుమ కొలతకు చోటున్నది.

ఆ చోటును పట్టించుకోని ఉద్యమాలు కూడా వచ్చాయి. 2017, 2018 ప్రాంతాలలో వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన, కొబ్బరినూనె ప్రధానమైన ఆహార విధానం తెలుగు జిల్లాలలో పెద్ద ఆదరణ పొందింది. బరువు తగ్గామని, చక్కెర అదుపులోకి వచ్చిందని చెప్పినవారు అనేకులు. హెచ్చరించిన వైద్యులూ అనేకులు. పిండిపదార్థాలు తగ్గిస్తే రక్తంలో చక్కెర తగ్గడం వాస్తవం. ఇన్సులిన్, మరికొన్ని మందులు వాడుతున్నవారు మోతాదు సరిచేసుకోకుండా ఈ పద్ధతిలోకి దిగితే ప్రాణాపాయం కలగవచ్చునన్నదీ వాస్తవమే. మూత్రపిండాలలో రాళ్లు, మలబద్ధకం, కొవ్వుల మోతాదులో మార్పు, పిల్లలలో ఎదుగుదల మందగించడం వంటివి వైద్యుల పర్యవేక్షణలో కూడా కనిపించే దుష్ఫలితాలు. పుట్టుకతోనే కొవ్వును వినియోగించుకోలేని శరీరాలున్నవారికి ఇది నిషిద్ధం. వైద్యంగా పుట్టిన ఒక కఠిన నియమాన్ని సభలలో విని అనుసరించినప్పుడు తప్పిపోయేది ఈ వివేచనే.

బీదవాని దృష్టితో చూస్తే విషయం ఇంకా గంభీరమవుతుంది. నెయ్యి, బాదం, పనీరు అనే పట్టీ ధర బియ్యం పప్పుల పట్టీ ధరకు అనేక రెట్లు. మందులకు లొంగని మూర్ఛ కూలివాని బిడ్డకూ వస్తుంది. ఆ బిడ్డకు చౌకధరల దుకాణంలో దొరికేది బియ్యమే. సంపన్నుడు తన నడుము కోసం ఎంచుకోగలిగిన వెచ్చాలు, పేదబిడ్డ మెదడు కోసం అవసరమైనప్పుడు అందకపోతే, ఆ లోటు ఒక కుటుంబానిది మాత్రమే అనుకోవడానికి వీల్లేదు. వైద్యుడు చీటీ మీద మందు రాసినప్పుడు ప్రభుత్వాసుపత్రి దానిని ఉచితంగా ఇస్తుంది. ఆహారమే మందైనప్పుడు, కొబ్బరినూనెనూ గుడ్లనూ మందుల జాబితాలో చేర్చగల ఆలోచన ప్రజారోగ్య వ్యవస్థకు అవసరం. పాలకులు యోచించదగిన విషయమిది.

కొలతకు కొలత

చరకసంహిత పథ్యాన్ని నిర్వచిస్తూ, శరీర మార్గాలకు హాని చేయకపోవడంతోపాటు మనస్సుకు ప్రియం కావడాన్ని కూడా అందులో చేర్చింది. ఈ రెండవ లక్షణాన్ని చాలామంది విస్మరిస్తారు. గ్రాముల త్రాసు మొదటిదానిని కొలవగలదు. రెండవదానిని కొలిచేది ఇంటివారి ప్రవర్తన. పిల్లవాడు తన గిన్నెను ప్రీతితో తిన్నాడా, భయంతో తిన్నాడా అన్నది త్రాసు చెప్పలేదు.

కనుక ఒకరి పథ్యం కోసం వంటిల్లు సర్దుకునే ఇంటికి కొన్ని నియమాలు ఉచితమనిపిస్తాయి. స్వస్థుడైన పెద్దవాడు తన ఇష్టంతో నియమం పట్టినప్పుడు దాని శ్రమలో పెద్దపాలు తానే తీసుకోవాలి. సరుకు తెచ్చుకోవడం, తరగడం, వండుకోవడం నేర్వని సంయమం సగం సంయమమే. నియమం పట్టక తప్పనివాడు పసివాడో రోగియో అయినప్పుడు శ్రమ ఒక్క చేతిమీద పడకుండా, తూచే పని తండ్రికీ, పట్టీ రాసే పని పెద్దపిల్లలకూ వంతులవారీగా రావాలి. తక్కినవారు తమ అన్నం మానవలసిన అవసరం లేదు. పథ్యం మీద ఉన్నవాని ఎదుట ఊరించి తినకుండా ఉండే మర్యాద మాత్రం అవసరం. బియ్యపు డబ్బా ఇంట్లోనే ఉండవచ్చు, పథ్యానికి వేరే అరా ఉండవచ్చు. కూర్చునే చోటు ఒకటే కావాలి. ఇవన్నీ చిన్న మాటలుగా తోచవచ్చు. కాని రోజుకు మూడుసార్లు, రెండేళ్లపాటు సాగవలసిన పనిలో పెద్దమాటలకు నిలకడ ఉండదు.

ప్రతి నియమానికీ గడువు కూడా ఆలోచించాలి. మూర్ఛవ్యాధి పిల్లలకు వైద్యులు రెండేళ్ల తరువాత ధాన్యాన్ని కొంచెం కొంచెంగా తిరిగి ఇస్తారు. ఆనాడు ఆ ఇంట్లో పెట్టే మొదటి ముద్ద బరువు కూడా త్రాసులోనే తేలుతుంది. ఆ ముద్దను ఎవరు కలపాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, రెండేళ్లు తూకం వేసిన తల్లీ, వంతుకు వచ్చిన తండ్రీ, చేయి వెనక్కు లాక్కున్న నాయనమ్మా అందరూ దానికి అర్హులే అయి ఉంటే, ఆ వంటిల్లు తన ధర్మాన్ని నిర్వర్తించినట్లే.